ఒక పన్ను తక్కువ చక్రం

మా ఆయన నాతో మాట్లాడిన మాటలకంటే తన మోటారు సైకిలుతో మాట్లాడిన మాటలే ఎక్కువ. పొద్దున్నే దాని పక్కన గొంతుక్కూర్చుని, పాత ధోవతి ముక్కతో తుడుస్తూ, "ఏందే, ఇయ్యాల మర్యాదగ పోతవా?" అని అడిగేవాడు. నేను చాయ తెచ్చి పక్కన పెడితే "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" నాకో, బండికో తెలిసేది కాదు. మా అత్త నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె కడుపున పుట్టిన ఈయన నోట్లో నువ్వుల బస్తా అయినా నానుతుంది. చెడ్డ మనిషి కాదు, అదొక్కటే నా అదృష్టం.

ఇది అరవైల్లో మాట. అచ్చంపేట దాటాక, నల్లమల మొదలయ్యే చోట ఒక ఊళ్ళో చిన్న సర్కారు దవాఖాన ఉండేది. ఆయన కంపౌండరు, నేను పురుళ్ళు పోసే నర్సమ్మను. వారానికోసారి మందుల పెట్టె బండి వెనక కట్టుకుని గుట్ట మీది గూడేనికి పోవాలి. గూడెం కింద పెద్ద ఎక్కుడు. దాన్ని మా వైపు చడావు అంటారు. ఆ బండి పట్నంలో సాపు రోడ్ల మీద తిరగడానికి పుట్టింది. చిన్న ఇంజను. ఆయన ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. చడావు మొదట్లోనే దాని ఊపిరి అయిపోయేది. "దిగు" అనేవాడు. నాతో తప్పకుండా మాట్లాడే మాట అదొక్కటే.

నేను దిగగానే ఆయన మొదటి గేరులో బండిని ఒక్క ఊపున పైకి లేపేవాడు. మధ్యలో ఆపితే మళ్ళీ ఎత్తుకోదు. వెనక్కి జారి రాళ్ళల్లో పడుతుంది. అందుకని ఎక్కడా ఆగకుండా పైదాకా పోయి, అక్కడ ఇంజను బంద్ చేసి, నా కోసం చూస్తూ నిలబడేవాడు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆయన్నీ, బండినీ, బండి చేసినవాళ్ళనూ తిట్టుకుంటూ నడిచేదాన్ని.

తర్వాత నేను తిట్టడం మానేశాను. ఎందుకు మానానో చెప్పాలంటే నా కొడుకు సంగతి చెప్పాలి.

ఎండాకాలంలో కన్నాను. తొట్టెల వేసి పేరు పెట్టకముందే పోయాడు. పొద్దున పాలు తాగుతూ తాగుతూ నోరు వదిలేశాడు, మాపటికి లేడు. ఎంతమంది ఆడవాళ్ళ పక్కన కూర్చుని "ఊకో బిడ్డా, మళ్ళ కంటవు" అని ధైర్యం చెప్పానో. ఆ మాట ఎంత పనికిమాలిందో నా వంతు వచ్చాక తెలిసింది.

మా దగ్గర ఒక కట్టడి ఉంది. పసిగుడ్డును బొంద పెట్టిన జాగా తల్లికి చెప్పరు. చెప్తే తల్లి అక్కడికి పోకుండా ఉండలేదనీ, పోతే బిడ్డకు దారి దొరకదనీ, తర్వాతి కాన్పు నిలవదనీ అంటారు. అందుకే నన్ను లోపలి అర్రలో కూర్చోబెట్టి తలుపు దగ్గరకు వేసింది మా అత్త. మా ఆయన ఒక్కడే తువ్వాలలో చుట్టి ఎత్తుకుపోయాడు. ఎటు పోయాడో అడుగుల చప్పుడు వినబోతే, కావాలనే గంగాళం మీద గిన్నెలు దబదబ పడేసింది. ఆమె మీద అప్పుడు కోపం రాలేదు. ఆమె కూడా ఇద్దరిని అలాగే పోగొట్టుకుంది. ఆమెకూ ఎవరూ చెప్పలేదు.

ఆయన తిరిగి వచ్చి నీళ్ళ గోలెం దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే కిటికీలోంచి చూశాను. మా ఊరి చుట్టూ నల్లరేగడి. ఆయన కాళ్ళనుంచి కారిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎర్ర మొరం నేల మా చుట్టుపక్కల ఒక్క చడావు మీదే ఉంది. నాగలి తగలని నేల అని అంత దూరం తీసుకుపోయి ఉంటాడు. సరే, చడావు మీదే. చడావు మీద ఎక్కడ? అది తెలుసుకోకుండా నేను బతకలేననిపించింది. ఆ మాట ఎవరితో అనగలను? అడిగితే ఆయన చెప్పడు. చెప్తే తప్పు ఆయనది అవుతుంది.

మా అత్త సాయంత్రం సాయంత్రం మల్లెపూలు తెచ్చి రొమ్ములకు కట్టేది. మల్లెలు కడితే పాలు ఎండుతాయి. నేను కూడా ఎందరికో కట్టించాను. పాలు తగ్గాయి, ఆగిపోయాయి కూడా. వానలు పడ్డాక మళ్ళీ పనిలోకి వచ్చాను. మొదటి వారమే ఆయన చడావు కింద బండి ఆపి "దిగు" అన్నాడు.

బండి చప్పుడు పైకి పోయి, మలుపు తిరిగి, ఆగిపోయింది. ఆ తర్వాత అడవి ఎంత గమ్మున ఉంటుందో నడిచినవాళ్ళకే తెలుసు. దారి పక్కన, కొంత దూరం ఎక్కాక, నడుమెత్తు నల్లగుండు ఒకటి ఉంది. గుండు అంటే మా వైపు పెద్ద బండరాయి. దాని నెత్తిన దోసిలంత గుంట. ఎన్నిసార్లు దాని పక్కనుంచి పోయానో. ఆ రోజు దాని దగ్గరకు రాగానే చుట్టూ కీచురాళ్ళ రొద ఒక్కసారిగా తెగిపోయింది. మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తి మీద ఉంది. నా చేతుల మీద మాత్రం చలి పాకింది. రొమ్ములు బిగిశాయి. పాలు వచ్చేశాయి. ఆపుదామంటే ఆగలేదు. రవిక తడిసి పొట్టమీదికి కారుతున్నాయి.

బాలింత ఒంటి సంగతులు నాకు ఒకరు చెప్పాలా? బిడ్డ ఏడుపు వింటే పాలు చేపుకొస్తాయి. నేను ఏ ఏడుపూ వినలేదు. నా ఒళ్ళు విన్నది.

ఇక్కడే, అనుకున్నాను. వీడిక్కడే ఉన్నాడు. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పలేను. దుఃఖం కూడా అందులోనే ఉంది. చుట్టూ చూసి, పైట మాటున, ఆ గుంటలోకి పాలు పిండాను. కళ్ళు తుడుచుకుని చూసేసరికి గుంట ఎండిపోయి ఉంది. తడి కూడా లేదు. నల్లరాయి నీళ్ళు తాగదు. చీమలు అంత తొందరగా తాగవు. నేను చాలాసేపు ఆ గుంటలో వేలు పెట్టి చూశాను. రాయి గోరువెచ్చగా ఉంది, ఎండకేమో.

ఆనాటి నుంచి వారమంతా ఆ రోజు కోసమే బతికాను. "దిగు" అన్న మాట కోసం చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఇంట్లో ఎక్కడా పాలు రావు. ఊళ్ళో వేరేవాళ్ళ పసిపిల్లల్ని ఎత్తుకున్నా రావు. గుండు దగ్గరకు వస్తే చాలు. ఒక్కోసారి గుంటలో పోసి కళ్ళు మూసుకుంటే చప్పరించే చప్పుడు విన్నట్టు ఉండేది. కళ్ళు తెరిస్తే ఏమీ లేదు. భయం వేయలేదా అంటే వేసింది. మెడ వెనక వెంట్రుకలు లేచేవి. నా బిడ్డకు నేను భయపడతానా అని నన్ను నేనే కసురుకుని, కూర్చుని రెండు మాటలు చెప్పి మరీ వచ్చేదాన్ని. మీ నాయిన పైన ఎదురుచూస్తున్నాడు, నీకు ఆయన ముక్కే వచ్చింది, ఇట్లాంటివి.

గూడెంలో కర్రపట్టుకుని నడిచే ముసలామె ఒకతె ఉండేది. కాలి పుండుకు కట్టు కట్టించుకుంటూ ఒకరోజు తనంతట తానే అన్నది.

"నర్సమ్మా, నా చిన్నప్పటి సంది గా గుండు కాడ మాపటికి పసిపోరని ఏడుపు ఇనొస్తది. ఈ నడుమ బందయింది. నువ్వు నడవవట్టినంక."

మాట కింద పడకుండా పట్టుకున్నాను. అయితే నాకు కావలసిన ముక్కే పట్టుకున్నాను. నా కొడుకు ఏడుపు ఆగింది, వాడి కడుపు నిండుతున్నది. ఆమె చిన్నప్పుడు నేనే పుట్టలేదన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు. ఆశ ఉన్న ఆడదానికి లెక్కలు రావు.

ఊళ్ళో చూసేవాళ్ళు చూశారు. మాట మా అత్తకు చేరింది. ఆమెకు చేరితే ఇంకేముంది. ఆయన అన్నం ముందు కూర్చోగానే మొదలుపెట్టింది.

"దాన్ని గా చడావుల నడిపియ్యకు బిడ్డా. గుండు కాడ కూసోని ఒక్కతే మాట్లాడుతాందట. గాలి సోకితే ఎవనికి చెప్పుకుంటవ్?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఊఁ" అన్నాడు.

రెండో రోజు బస్సెక్కి జడ్చర్ల పోయాడు. మాపటికి కాగితంలో చుట్టిన ఒక ఇనుప చక్రం తెచ్చాడు. అరచేతిలో పట్టేంత. చుట్టూ పళ్ళు. ఇంజను పక్కన చైనును తిప్పే చక్రం అదే. ఇప్పుడున్నదానికంటే దీనికి ఒక పన్ను తక్కువ.

"ఒక్క పన్నుతోని ఏమయితది?" అన్నాను.

ఆ రోజు ఆయనకు నోరు వచ్చింది. బండి సంగతి కదా. "మేస్త్రీ చెప్పిండు. పరుగు జర తగ్గుతది, గుంజుడు పెరుగుతది. ఇద్దరం కూసున్నా చడావు ఎక్కుతది. నడిమిట్ల ఆపినా మళ్ళ ఎత్తుకుంటది."

"నడిమిట్ల ఎందుకు ఆపుతవ్?"

"అవుసరముంటది" అన్నాడు.

నేను ఆ మాట పట్టించుకోలేదు. ఇద్దరం కూర్చున్నా ఎక్కుతుంది అన్నది ఒక్కటే నా చెవిలో మోగింది. అంటే ఇక "దిగు" అనడు. నా నడక పోయింది. తల్లీకొడుకులు కలిసి నా గుండును నాకు దూరం చేస్తున్నారు. మా అత్త ఆ చక్రానికి కుంకుమ బొట్టు పెడుతుంటే లాక్కుని పెంటకుప్పలో వేద్దామనిపించింది.

తెల్లారి వాకిట్లో పని పెట్టుకున్నాడు. ఇంజను పక్క రేకు మూత విప్పాడు. లోపల నల్లటి మడ్డిలో పాత చక్రం, దాని నడుమ పెద్ద నట్టు. నట్టు కదలకుండా మడిచిపెట్టిన రేకు చెవిని ఉలితో కొట్టి సాపు చేశాడు. పాన వేసి తిప్పితే చక్రమూ తిరుగుతోంది. అది తిరగకుండా బండిని గేరులో పెట్టి వెనక బ్రేకు గట్టిగా తొక్కిపట్టాలి. దానికి ఇంకో మనిషి కావాలి. ఇంకో మనిషి నేనే. నా నడక తీసేసే పనికి నా కాలే కావలసి వచ్చింది.

"గట్టిగ తొక్కు" అన్నాడు.

"నేను నడుస్త" అన్నాను తొక్కుతూనే. "నడిస్తే అరిగిపోతనా? బండి ఎట్లుందో గట్లనే ఉండనియ్యి."

"ఎందుకు నడుస్తనంటున్నవ్?"

నేను బ్రేకు ఇంకా గట్టిగా తొక్కాను. పాన మీద ఆయన చేతులు ఆగాయి. ఇద్దరమూ చెప్పలేని మాట ఒకటి మధ్యలో పెట్టుకుని, ఒకరు బ్రేకు తొక్కుతూ ఒకరు నట్టు తిప్పుతూ ఉన్నాం. నట్టు కీచుమని వదిలింది. పాత చక్రం ఊడింది. కొత్తది ఎక్కించి, చైను వదులు కావడంతో వెనక చక్రాన్ని కొంచెం వెనక్కి జరిపి బిగించాడు. పొద్దెక్కేసరికి అంతా అయిపోయింది. నేను లోపలికి పోయి అర్ర తలుపు వేసుకుని ఏడ్చాను. బయట ఆయన కిక్కు కొట్టి, బండిని వీధి చివరిదాకా తోలి చూశాడు. బండి గొంతు మారింది. ఇదివరకటికంటే సన్నగా, ఎత్తుగా అరుస్తోంది.

గూడెం పోయే రోజు వచ్చింది. బతుకమ్మ రోజులు, దారికి రెండు పక్కలా తంగేడు పూసి ఉంది. చడావు కింద ఆయన ఆపలేదు. "గట్టిగ పట్టుకో" అని మాత్రం అన్నాడు. బండి ఎక్కడం మొదలుపెట్టింది. మేస్త్రీ అబద్ధం చెప్పలేదు. ఇంజను అరుస్తున్నదే గాని, వేగం నడిచే మనిషంత. చక్రాల కింద ఒక్కో గులకరాయి పక్కకు తప్పుకోవడం కనిపిస్తోంది. ఇద్దరినీ, మందుల పెట్టెనూ మోస్తూ, తొందర లేకుండా పోతోంది.

గుండు కనిపించింది. ఇంజను అంత మోత పెడుతున్నా, దాని దగ్గరకు రాగానే నా చెవుల్లో ఆ నిశ్శబ్దమే దిగింది. ఆయన వీపు ఊగుతున్నది, చైను తిరుగుతున్నది, ఏ చప్పుడూ లేదు. చేతుల మీదికి చలి. పాలు పొంగాయి.

"ఆపు" అన్నాను. "ఆపయ్యా!"

విన్నాడో లేదో, ఆపలేదు. గుండు మా పక్కనుంచి, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరనుంచి, మెల్లగా వెనక్కి పోయింది. తిరిగి చూస్తే దాని నెత్తిమీది గుంట నాకు కనబడుతూనే ఉంది, ఖాళీగా. పాలన్నీ నా రవికకూ చీరకూ పోయాయి. ఆ నిమిషంలో ఆయన మీద వచ్చినంత కోపం నాకు జన్మలో ఎవరి మీదా రాలేదు. పిడికిలి బిగించి వీపు మీద గుద్దాను. ఆయన కదలలేదు.

మలుపు దగ్గర, చడావు అన్నిటికంటే నిలువుగా ఉన్నచోట, బండి ఆపాడు.

ఎప్పుడూ ఆపని చోటు. ఇదివరకు ఆపి ఉంటే బండీ ఆయనా కలిసి లోయలో పడేవాళ్ళు. దిగి, వెనక చక్రం కింద రాయి పెట్టి, "బండి ఏడెక్కింది, జర సల్లారనియ్యి" అన్నాడు. నా ముఖం చూడలేదు. నాలుగడుగులు దూరం పోయి, నాకు వీపు తిప్పి, లోయవైపు చూస్తూ నిలబడ్డాడు.

వేడెక్కిందని ఆయన ఏనాడూ బండి ఆపి ఎరగను. కోపంగానే దిగాను. దిగి చూస్తే ఎదురుగా రెండు తంగేడు పొదలు. వాటి నడుమ ఎర్ర మొరంలో చిన్న కుప్ప. నక్కలు తవ్వకుండా దాని మీద రేగుకంప పరిచి, కంప మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. వానలకు కంప ఆకులన్నీ రాలిపోయి ముళ్ళు మిగిలాయి. రాళ్ళు ఎట్లా పడితే అట్లా వేసినవి కావు. పెద్దవి వెనక, చిన్నవి ముందర. దవాఖానలో మందు సీసాలను అలా సర్దే మనిషి మా ఊళ్ళో ఒక్కడే.

అప్పుడు అర్థమైంది. నన్ను ఆ జాగాకు తీసుకువచ్చి చూపిస్తే చెప్పినట్టవుతుంది. బండి అక్కడ ఆగితే అది బండి చేసిన పని. ఆగిన బండి మళ్ళీ లేవాలంటే ఆ చక్రం మార్చాలి. అందుకు జడ్చర్ల పోయి వచ్చాడు. అన్ని వారాలూ ఆయన ఈ చోటు మీదినుంచే ఆగలేక ఇంజను మోత పెట్టుకుంటూ పోయాడు. ఆయన వెనకే నేను నడుస్తూ, ఈ తంగేళ్ళను ఒక్కసారైనా కన్నెత్తి చూడకుండా దాటిపోయాను.

మోకాళ్ళ మీద కూలబడ్డాను. పైట తీశాను. నా కొడుకు నా ముందే ఉన్నాడు. పిండాను. రెండోవైపు పిండాను. ఒక్క చుక్క రాలేదు. కాసేపటి కింద పొంగినవన్నీ రవికలో ఆరిపోతున్నాయి. గుండు దగ్గర ఎన్ని వారాలు పోశానో అవన్నీ నా కళ్ళముందు తిరిగాయి. ముసలామె చెప్పిన మాట మొత్తం అప్పుడు వినిపించింది. నా బిడ్డ ఇక్కడ కంప కింద ఉంటే, అక్కడ తాగింది ఎవరు? నీ పాలు వేరేవాడికి పోశాను రా అని ఆ మట్టి మీద తల ఆనించి ఏడ్చాను. ఆయన వీపు వణుకుతున్నదని దూరంనుంచి కూడా తెలుస్తోంది.

చాలాసేపటికి లేచి దగ్గరకు పోయాను. "కింద నల్లగుండు కాడ ఎవలున్నరు?" అని అడిగాను.

"గుండు కాడనా? ఎవలుంటరు?" అన్నాడు తిరిగి. ఆయనకు నిజంగా తెలియదు.

చెప్పాను. పాల సంగతి, గుంట ఎండిపోయే సంగతి, ముసలామె మాట, అన్నీ. నవ్వలేదు, గాలి సోకిందనలేదు. విని, చక్రం కింద రాయి తీసి, బండి ఎక్కాడు. మేస్త్రీ చెప్పినట్టే బండి నడిమిట్ల నుంచి ఎత్తుకుంది.

మళ్ళీ వారం గుండు వస్తుందనగా కళ్ళు గట్టిగా మూసుకుని, ఆయన వీపుకు ముఖం ఆనించుకున్నాను. ఈసారి ఇవ్వను, నా కొడుకు కోసం దాచుకుంటాను అనుకున్నాను. కళ్ళు మూసుకుంటే ఎక్కడ ఉన్నామో నాకు తెలియలేదు. పాలకు తెలిసింది. గుండు దగ్గరే వచ్చాయి. పైన తంగేళ్ళ దగ్గర మళ్ళీ ఏమీ లేదు. ఆ తర్వాతి వారమూ అంతే. ఆ పై వారం గుండు దగ్గరికి రాగానే నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఎవడురా నువ్వు, ఎప్పటివాడివి, నా బిడ్డ వంతు లాక్కుంటున్నావు అని గట్టిగా అరవబోయాను. నోరు తెరిచాక ఆ మాట రాలేదు.

"ఆపు" అన్నాను.

ఈసారి విన్నాడు. "ఈడ మనకేం పని?" అన్నాడు.

"వానికి గూడ తల్లి ఉండె గద" అన్నాను. "ఆమెకు ఎవరు జాగా చెప్పిండ్రు?"

ఆయన బ్రేకు తొక్కాడు.